పెంపుడు పక్షులకు తగిన వసతి

మనుష్యుడు ఇల్లు వెదకుకొనునపుడు పదిమందిని విచారించును. గాలి వచ్చునా, వెలుతురు వచ్చునా, నీటి వసతి యెట్టిది, ఇరుగుపొరుగు ఎట్టివారు అని అడిగి తెలిసికొనును. నచ్చనిచో వేరొక యింటికి పోవును. పెంపుడు పక్షికి ఈ భాగ్యము లేదు. దాని యింటిని నిర్ణయించువారము మనము. ఒకసారి తలుపు మూసి గడియ వేసిన పిమ్మట ఆ చువ్వల నడుమ నున్న చోటే దానికి ఊరు, తోట, ఆకాశము. చక్కగా సాకినచో చిన్న బడ్జరిగారు చిలుక ఏడెనిమిదేండ్లును, కాకటీలు పదునైదేండ్లును బ్రతుకగలవు. కనుక అంగడిలో ఐదు నిమిషములలో మనము చేయు ఎంపిక ఒక ప్రాణి జీవితకాలమంతటికిని కట్టుబాటగుచున్నది.

అంగడిలో వరుసగా వ్రేలాడు పంజరములను చూచునపుడు మన కన్ను మొదట అందమును వెదకును. గోపురము వంటి కప్పు, గుండ్రని అంచులు, పూతపూసిన తీగెలు, పైన ఒక కొక్కెము. ఇవన్నియు చూచువారి కొరకు చేసినవి. లోపల నుండవలసిన పక్షి కోరునవి వేరు. రెక్క చాచుటకు చోటు, కాలికి పట్టు, పీల్చుటకు మంచి గాలి, ఎండనుండి నీడ, రాత్రివేళ నిశ్చింతగా నిద్ర. ఈ ఐదింటిని సమకూర్చునది మంచి వసతి. ఒక్కటి లోపించినను ఎంత వెల పెట్టి కొన్న పంజరమైనను చెరసాలయే యగును.

ఏ పక్షికి?

వసతిని గూర్చి ఆలోచించుటకు ముందు, ఆ వసతిలో నుండదగిన పక్షి ఏది యను ప్రశ్న వచ్చును. పంజరమనగానే తెలుగువారికి రామచిలుక స్ఫురించును. పిల్లల కథలలోను, జోస్యము చెప్పువాని పెట్టెలోను, పల్లెటూరి వసారాలోను అది మనకు తరతరములుగా పరిచితమే. అయినను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి రామచిలుకను, గోరువంకను, మునియా పిట్టలను పట్టుటయు, అమ్ముటయు, ఇంట బంధించి పెంచుటయు నేరములు. ఈ సంగతి తెలియకయే కొనువారు నేటికిని ఎందరో కలరు. సంతలో అమ్ముడగు చిలుకపిల్లలు సాధారణముగా రెక్కలు రాకమునుపే చెట్టుతొర్రలనుండి తీసినవి. వానిలో పెక్కు అంగడి చేరకముందే చచ్చును. బ్రతికి మన యింటికి వచ్చిన ఒక్క చిలుక వెనుక చచ్చిన పిల్లలు మనకు కనబడవు. కాబట్టి రామచిలుకకు తగిన పంజరమేది యన్న ప్రశ్నకు సమాధానము ఒక్కటే: అట్టిది లేదు. దానికి తగిన యిల్లు చెట్టుతొర్ర.

ఇదివరకే ఇంట చిలుక యున్నవారు జాలిచేత దానిని ఒక్కసారిగా గాలిలోనికి వదలుటయు మేలు కాదు. ఏండ్ల తరబడి గిన్నెలోని గింజలు తిన్న పక్షికి ఆహారము వెదకుకొను నేర్పు ఉండదు. రెక్కలలో సత్తువ యుండదు. కాకులకో పిల్లికో చిక్కును. అటవీశాఖవారికి తెలిపి, వారి సూచన ప్రకారము నడుచుకొనుట ఉచితము.

ఇంట పెంచదగినవి బంధనములోనే తరతరములుగా పుట్టి పెరిగిన విదేశీయ జాతులు. మన బజారులలో ‘లవ్ బర్డ్సు’ అను పేర ఎక్కువగా అమ్ముడగు పచ్చని, నీలపు చిన్న చిలుకలు నిజమునకు బడ్జరిగారులు. వాని జన్మభూమి ఆస్ట్రేలియా. జాన్ గౌల్డు అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1840లో వానిని ప్రాణములతో ఇంగ్లండునకు గొనిపోయెను. అసలైన లవ్ బర్డులు ఆఫ్రికా ఖండపు చిలుకలు. సిగ గల కాకటీలును, ఎఱ్ఱముక్కు జీబ్రా ఫించియు ఆస్ట్రేలియా పక్షులే. మఱికొన్ని విదేశీయ జాతులు అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందపు పట్టికలలో చేరియున్నవి. అట్టివానిని పెంచువారు ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెనని 2022లో చట్టమును సవరించిరి. నియమములు 2024లో వెలువడినవి. బడ్జరిగారులును, కాకటీలులును ఆ పట్టికలలో లేవు. ఇతర జాతులను కొనువారు ముందుగా ఈ సంగతి విచారించుకొనవలెను.

ఎత్తు కాదు, పొడవు

ఇక వసతి కొలతలకు వత్తము. పంజరముల విషయమున మిక్కిలి ప్రబలిన పొరపాటు ఒకటి కలదు. ఎత్తుగా నున్నచో విశాలముగా నున్నదని మనము తలంతుము. కాని పక్షి నిట్టనిలువుగా పైకెగసి క్రిందికి దిగునది కాదు. అది ఒక కొమ్మనుండి మఱియొక కొమ్మకు అడ్డముగా ఎగురును. కనుక పక్షికి పనికివచ్చు చోటు పొడవులో నున్నది.

ఒక ఉదాహరణము చూడుడు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, మూడడుగుల ఎత్తు గల పంజరము నొకదానిని తలంచుకొనుడు. బడ్జరిగారు రెండు రెక్కలు చాచినచో కొననుండి కొనకు ఇంచుమించు ఒక అడుగు ఉండును. అనగా ఈ పంజరమున అది రెక్కలు విప్పినంతనే రెండు వైపులను చువ్వలు తగులును. ఎగురుట యనునది దానికి లేనే లేదు. క్రింది భాగమంతయు వ్యర్థము. ఇప్పుడు అదే పంజరమును ప్రక్కకు పరుండబెట్టినట్లు భావింపుడు. మూడడుగుల పొడవు, అడుగు ఎత్తు. తీగె అంతే, వెల అంతే, లోపలి చోటును అంతే. కాని రెండు కొసల రెండు కొమ్మలు కట్టినచో పక్షి నాలుగైదు మార్లు రెక్క లాడించి ఇటునుండి అటు పోగలదు. వెడల్పును, ఎత్తును మఱికొంత పెంచినచో అది మంచి వసతి యగును.

ఈ లెక్కనుబట్టి ఒక జంట బడ్జరిగారులకు కనీసము రెండున్నర అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు ఉండవలెను. కాకటీలు పెద్ద పక్షి. దాని తోకయే అరడుగు వరకు ఉండును. ఆ జంటకు మూడడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పును, ఎత్తును కావలెను. జీబ్రా ఫించి చిటికెడంత పిట్టయే, పండ్రెండు గ్రాముల బరువుండును. అంతమాత్రమున దానికి చిన్న గూడు చాలుననుకొనరాదు. అది చువ్వలు పట్టుకొని ప్రాకదు; ఎగురుట ఒక్కటే దాని వ్యాయామము. కనుక ఆ చిన్నదానికిని మూడడుగుల పొడవు కావలెను. ఇవి కనీసపు కొలతలు. మన గదిలో చోటున్నంత వఱకు పొడిగించుట ఎల్లప్పుడును మంచిదే.

గుండ్రని పంజరములు చూడ ముచ్చటగా నుండును గాని పక్షికి వానిలో ఒదుగుటకు మూల యుండదు. భయపడిన పక్షి ఒక మూలకు చేరి వీపు వెనుక రక్షణ చూచుకొనును. పైని గోపురమున చువ్వలు దగ్గరగా కలియు చోట కాలి వ్రేళ్లు ఇరుకుకొను ప్రమాదము కలదు. నాలుగు పలకల పెట్టె వంటి పంజరము అందమున తక్కువైనను సుఖమున ఎక్కువ.

చువ్వలు, లోహము

పొడవు తరువాత చూడవలసినది చువ్వల నడిమి సందు. బడ్జరిగారులకును, ఫించిలకును అది అరయంగుళమునకు మించరాదు. కాకటీలులకు ముప్పాతిక అంగుళమునకు మించరాదు. సందు ఎక్కువైనచో పక్షి తల బయటికి పెట్టి వెనుకకు తీసికొనలేక మెడ విరిగి చచ్చును. చిలుకజాతి పక్షులు ముక్కుతోను, కాళ్లతోను ప్రాకును గనుక వానికి కనీసము రెండు గోడలకైన అడ్డచువ్వలు ఉండవలెను.

లోహము విషయము మఱింత జాగ్రత్తగా చూడదగినది. చిలుకజాతి పక్షికి ముక్కు మూడవ కాలు. కనబడిన దానినెల్ల కొఱికి చూచును. జింకు పూత పూసిన క్రొత్త తీగెపై తెల్లని పొడియు, గడ్డకట్టిన బొట్లును ఉండును. వానిని కొఱికిన పక్షికి జింకు విషమెక్కును. సీసము కలిసిన పాత రంగులును, టంకపు అతుకులును అంతకన్న ప్రమాదకరములు. తాతల కాలపు ఇత్తడి పంజరము ఇంటికి అలంకారమే. కాని ఇత్తడి రాగియు, జింకును కలిసిన లోహము. కొఱుకు పక్షికి అది తగదు. తుప్పుపట్టని ఉక్కుతో చేసినది మేలు. అంత వెల పెట్టలేనివారు ఊరిలోని వెల్డింగు పనివానిచేత జింకు పూత వలతో చేయించుకొనవచ్చును. అట్లు చేయించినపుడు వినిగరులో ముంచిన గట్టి కుంచెతో తీగెలను బాగుగా రుద్ది, కడిగి, కొన్ని దినములు ఎండకు పెట్టి, ఆ తరువాతనే పక్షిని లోపల విడువవలెను.

లోపలి అమరిక

పక్షి పగలు రాత్రి నిలువుకాళ్లపై నుండును. నిద్రయు నిలుచుండియే. కాబట్టి మనకు మంచమెంత ముఖ్యమో దానికి వాలెడు కొమ్మ అంత ముఖ్యము. అంగడి పంజరములతో వచ్చు నున్నని గుండ్రని ప్లాస్టికు కడ్డీలు అంతటను ఒకే లావుగా నుండును. వానిపై నిలుచు పక్షికి పాదమున ఎప్పుడును ఒకే చోట ఒత్తిడి కలిగి, చర్మము కంది, పుండ్లు పడును. వేప కొమ్మయో, జామ కొమ్మయో మందు చల్లని చెట్టునుండి కోసి, కడిగి, ఎండబెట్టి అమర్చినచో వంకరటింకరగా, ఒకచోట లావుగా, మఱియొకచోట సన్నముగా నుండుటచే పాదమునకు మార్పు దొరకును. బడ్జరిగారునకు అరయంగుళపు లావును, కాకటీలునకు ముప్పాతిక అంగుళపు లావును తగును. వ్రేళ్లు కొమ్మను చుట్టుకొని కొంచెము ఎడమగా నిలువవలెను, పూర్తిగా కలిసికొనరాదు. కొమ్మను కొఱికివేసినచో విచారింపనక్కఱలేదు. అది దానికి ఆట. క్రొత్త కొమ్మ పెట్టిన చాలును.

గింజల గిన్నెలను, నీళ్ల గిన్నెలను కొమ్మకు సరిగా క్రింద పెట్టరాదు. పెట్టినచో రెట్ట వానిలో పడును. పంజరమంతయు ఆటవస్తువులతో నింపినచో ఎగురుటకు చోటు మిగులదు. రెండు మూడు వస్తువులు పెట్టి వారమునకొకసారి మార్చుట మంచిది.

మన ప్రాంతమున బడ్జరిగారులను కొన్నవారందరు పంజరములో చిన్న మట్టికుండ నొకటి వ్రేలాడగట్టుట ఆచారముగా నున్నది. అది నిద్రించుటకు గది యని పలువురి తలంపు. కాని ఆ పక్షి కొమ్మపైననే నిద్రించును. కుండ దానికి పురిటిగది. తొఱ్ఱ వంటి చోటు కనబడినంతనే గ్రుడ్లు పెట్టు కోరిక పుట్టును. విడువక గ్రుడ్లు పెట్టిన ఆడపక్షి ఎముకలలోని సున్నము కరిగి నీరసించి, గ్రుడ్డు అడ్డుపడి ప్రాణము కోల్పోవుట కలదు. పిల్లలను పెంచు ఉద్దేశము లేనివారు కుండను తీసివేయవలెను. ఉద్దేశము గలవారు ఏడాదికి రెండు ఈతలకు మించనీయక, ఆ మీదట కుండను తొలగించి తల్లికి విశ్రాంతి నీయవలెను.

పంజరమును ఉంచు చోటు

మంచి పంజరమును చెడ్డచోట ఉంచినచో ప్రయోజనము లేదు. ముందుగా వంటగది పనికిరాదు. పక్షి ఊపిరితిత్తులకు గాలితిత్తులు జతపడి యుండును. గాలి వానిలో ఒకే దిక్కుగా ప్రవహించును. ఎగురుటకు కావలసిన ప్రాణవాయువును అధికముగా గ్రహించుటకు ప్రకృతి చేసిన ఏర్పాటిది. ఆ ఏర్పాటు వలననే గాలిలోని విషమును కూడ అది మనకంటె ముందు గ్రహించును. జాన్ స్కాట్ హాల్డేన్ అను శాస్త్రజ్ఞుని సూచనపై బొగ్గుగనులలోనికి కానరీ పిట్టలను తీసికొనిపోయెడివారు. విషవాయువు వ్యాపించినచో మనుష్యునికన్న ముందు పిట్ట సొమ్మసిల్లును. బ్రిటిషు గనులలో 1986లో గాని ఈ ఆచారము పోలేదు. మన యింటి వంటగదియు పక్షికి గని వంటిదే. అడుగంటని పూత గల పెనము పొయ్యిమీద మరచిపోయి మిక్కిలి కాలినచో వెలువడు ఆవిరి మనకు తెలియకయే పక్షిని నిమిషములలో చంపగలదు. సాంబ్రాణి పొగ, దోమల బత్తి, బొద్దింకల మందు, ఇంటికి వేయు క్రొత్త రంగు, ఇవన్నియు దానికి హానికరములు. వీనిని వాడునపుడు పంజరమును వేరొక గాలి తగులు గదికి మార్చవలెను.

రెండవది ఎండ. రెంటచింతల, విజయవాడ, రామగుండము వంటి చోట్ల వేసవిలో వేడి 45 డిగ్రీలు దాటు దినములు కలవు. పక్షికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుటయే దానికి ఉపాయము. పడమటి ఎండ పడు వసారాయు, రేకు కప్పు గల మిద్దె గదియు ఆ దినములలో దానికి కొలిమితో సమానము. ప్రాతఃకాలపు లేయెండ తగిలి, మధ్యాహ్నమునకు నీడ వచ్చు తూర్పు వైపు గది శ్రేష్ఠము. రెక్కలను ఒంటికి ఎడముగా పెట్టి, నోరు తెరచి రొప్పుచున్నచో వడగాలి సోకినదని గ్రహించి, చల్లని చోటికి మార్చి, కాళ్లను కొంచెము తడిపి, నీరు అందుబాటున నుంచవలెను. వట్టివేళ్ల తడికె మనకువలెనే దానికిని హితము. పంకా గాలి నేరుగా తగులరాదు. పక్షిని గదిలో స్వేచ్ఛగా విడుచునపుడు పంకాను తప్పక ఆపవలెను.

మూడవది నిద్ర. పంజరమును రేడియో ప్రక్కను, టెలివిజను ప్రక్కను ఉంచు ఇండ్లు కలవు. పగటివేళ పాట వినుచు పక్షియు గొంతు కలుపును, అది వేడుకయే. కాని ఈ పక్షులకు పది పండ్రెండు గంటల చీకటియు, నిశ్శబ్దమును కావలెను. రాత్రి కార్యక్రమములు వినువారు చీకటి పడగనే పంజరమును లోపలి గదికి చేర్చుటయో, గాలి తగులునట్లు పలుచని నూలుగుడ్డ కప్పుటయో చేయవలెను. కాకటీలులు చీకటిలో ఉలికిపడి చువ్వలకు కొట్టుకొను స్వభావము గలవి. వాని దగ్గర చిన్న దీపము వెలుగనిచ్చుట మంచిది.

పంజరమును నేలపై నుంచక, మనము కూర్చుండినపుడు కంటికి సరియగు ఎత్తున, ఒక ప్రక్క గోడకు ఆనించి యుంచవలెను. నాలుగు దిక్కుల నడుమ వ్రేలాడు పక్షి ఎప్పుడును బెదరుచుండును. చీమలబారినుండి కాపాడుటకు మన పెద్దలు భోజనపు అలమర కాళ్ల క్రింద నీళ్ల పళ్లెములు పెట్టెడి ఉపాయమే పంజరపు బల్లకును చక్కగా పనిచేయును. ఆ నీటిని మాత్రము దోమలు పుట్టకుండ తఱచుగా మార్చవలెను.

పెరటి పక్షిశాల

పెరడు గలవారికి పంజరముకన్న పక్షిశాల మేలు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మనిషి నిలువు ఎత్తు గల గది నొకదానిని అరయంగుళపు వలతో కట్టినచో ఐదారు జంటల బడ్జరిగారులు హాయిగా ఎగురును. వల కన్నులు అంతకన్న పెద్దవైనచో ఎలుకపిల్లలును, పాములును దూరును. నేలను సిమెంటు చేయించుటయో, వలను అడుగున్నర లోతు పాతుటయో చేయనిచో ఎలుకలు క్రిందనుండి త్రవ్వుకొని వచ్చును. పడమటి వైపును, వానజల్లు కొట్టు వైపును గోడ ఉండవలెను. కప్పులో సగము తాటాకుతో గాని పెంకుతో గాని కప్పి, సగము వలగా విడిచినచో పక్షి తనకు కావలసినపుడు ఎండకును, నీడకును పోగలదు. తలుపులు రెండు ఉండవలెను. ఒకటి మూసిన పిమ్మటనే రెండవది తెరచినచో పక్షులు ఎగిరిపోవు. కోస్తా జిల్లాలవారు తుపాను హెచ్చరిక వినగనే పక్షులను ఇంటిలోనికి తెచ్చుటకు ఒక చిన్న పంజరమును సిద్ధముగా నుంచుకొనవలెను.

శుభ్రత

పంజరపు అడుగున సొరుగు వలె బయటికి లాగు పళ్లెమున్నదా యని కొనునపుడే చూడవలెను. అది లేనిచో నిత్యము శుభ్రపరచుట ఎవరికిని సాగదు. పళ్లెములో పాత వార్తాపత్రిక పరచి ప్రతిదినము మార్చవలెను. ఆ కాగితముపై రెట్ట రంగు, పలుచన చూచినచో పక్షి ఆరోగ్యము తెలియును. వారమున కొకసారి పంజరమంతయు వేడినీటితో కడుగవలెను.

ఇది పక్షి క్షేమమునకే కాదు, మన క్షేమమునకును అవసరము. చిలుకజాతి పక్షుల రెట్టనుండి లేచు ధూళి వలన సిటకోసిస్ అను ఊపిరితిత్తుల జ్వరము మనుష్యులకు సోకవచ్చును. 1929, 1930 సంవత్సరములలో దిగుమతియైన చిలుకల మూలమున ఐరోపాలోను, అమెరికాలోను ఈ వ్యాధి వ్యాపించి భీతి గొలిపెను. ఎండిన రెట్టను పొడిగా ఊడ్వక, నీళ్లు చిలికి తుడువవలెను. పడకగదిలోను, ఉబ్బసము గలవారి గదిలోను పంజరము ఉంచరాదు. క్రొత్తగా కొన్న పక్షిని ఒక నెల వేరుగా నుంచి, ఆరోగ్యముగా నున్నదని తెలిసిన మీదట పాతవానితో కలుపవలెను.

వసతి సరిపోయినదో లేదో పక్షియే చెప్పును. ఒకే చోట అటునిటు తిరుగుచు తల ఊపుట, తన ఈకలను తానే పీకుకొనుట, రోజంతయు ముడుచుకొని కూర్చుండుట, ఇవి చాలమికి గుర్తులు. ఉదయమున రెక్కలు విదిలించుకొని, కొమ్మనుండి కొమ్మకు ఎగిరి, ఆకలిగా తిని, మధ్యాహ్నము ఒంటికాలిపై నిలిచి కునుకు తీయు పక్షికి ఆ యిల్లు నచ్చినదని అర్థము.

కాబట్టి పక్షిని కొనుటకు ముందే పంజరమును ఎంపిక చేయుడు. పంజరమును ఎంపిక చేయుటకు ముందే అది ఇంటిలో ఉండబోవు గోడ పొడవును కొలువుడు. ఆ గోడవద్ద రెండున్నర అడుగుల చోటు దొరకనిచో పక్షిని కొనుట మానుకొనుడు. అందువలన నష్టపోవునది ఏమియు లేదు. వసారా చూరుక్రింద ఒక మట్టిమూకుడులో నీళ్లును, మఱియొక దానిలో గుప్పెడు గింజలును పెట్టినచో, పిచ్చుకలును, గోరువంకలును తామై వచ్చి త్రాగి, తిని, పోవును. వానికి గడియ వేయ నక్కఱలేదు. మఱునాడు మరల అవియే వచ్చును.